మందగమనము, మంద్రనాదము



సంగీతమున వేగమును మెచ్చుకొనుట మనకు సులభము. మృదంగ విద్వాంసుడు తనియావర్తనమును ముగించుచు మోరాకు వచ్చువేళ, గాయకుడు కల్పనస్వరములను రెండవ కాలమున జల్లుగా కురిపించువేళ, సభలోని చేతులు వాటంతట అవియే చప్పట్లకు లేచును. వేగము తన సామర్థ్యమును తానే ప్రకటించుకొనును. దానికి మధ్యవర్తి అక్కరలేదు. మందగమనమట్లు కాదు. అది శ్రోతనుండి కొంత కోరును: కూర్చుండుమనును, ఓపిక పట్టుమనును, రానున్నదానికై ఎదురుచూచుట మాని యున్నదానిని వినుమనును. ఇట్టి మందగమనమునే ప్రాణముగా చేసికొని, దానికి తోడు నాదమునకు అపారమైన బరువును కల్పించుకొనిన ఒక పాశ్చాత్య సంగీతరీతి కలదు. దానిని డూమ్ మెటల్ అందురు. ఎలక్ట్రిక్ గిటార్ తంత్రులను మామూలు శ్రుతికంటె దించి, వాని ధ్వనిని ఆంప్లిఫయరుచే దట్టముగావించి, నిమిషమునకు 50, 60 దెబ్బల నడకలో, ఒక్కొక్క స్వరమును దాని ఆయువు తీరువరకు నిలిపి వాయించుట దాని లక్షణము. ఆ నాదమునందలి ఆకర్షణ యేమో, అది యెక్కడనుండి పుట్టినదో, మన చెవికి అది యేల పరాయిది కాదో ఈ ప్రసంగమున మీతో చెప్పుకొనవలెనని నా కోరిక.

ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడొకడు సంక్రాంతి సెలవులకు హుజూర్‌నగర్ వచ్చి, పెద్ద స్పీకర్లు రెండింటిని మా ముందుగదిలో అమర్చి, ఈ రీతి పాట నొకదానిని వినిపించెను. గిటార్ ఒక దెబ్బ కొట్టి ఊరకుండుటయు, ఎంతకో మరియొక దెబ్బ కొట్టుటయు విని, "ఇదేందిరా, ఇంత నెమ్మదిగ పోతున్నది? పాట ఇంక మొదలే కాలేదా?" అని యడిగితిని. "మొదలైంది మామా. నువ్వు తర్వాత వచ్చే దెబ్బ కోసం చూస్తున్నవు. మొదటి దెబ్బ ఇంక అయిపోలేదు, దాన్ని విను" అని వాడనెను. ఆ మాట ననుసరించి విన్నప్పుడు, ఒక్క స్వరమని నేననుకొన్నదానిలో ఎన్నో స్వరములు మేల్కొనుచు, ఒకదానినొకటి ఒరసికొనుచు, అడుగున సన్నని అలజడిగా కదలుచు, క్రమముగా రంగు మారుచు నడగుట వినవచ్చెను. పాట కదలకపోయినను నాదము కదలుచునే యున్నది.

నాదము లోపలికి చెవిని పంపుట మన సంగీతమునకు క్రొత్త విద్య కాదు. తంబురా నొక్కమారు తలచికొనుడు. దానికున్నవి నాలుగు తంత్రులు. పలుకునవి రెండే స్వరములు, షడ్జమమును పంచమమును. అయినను విద్వాంసుడు కచేరీకి ముందు గుర్రముమీద తంత్రి క్రిందనున్న నూలుపోగును వెండ్రుకవాసి అటునిటు జరుపుచు, 'జీవ' పట్టువరకు పాట నారంభింపడు. ఆ నూలుపోగు చేయు పని యేమన, కంపించు తంత్రి గుర్రపు వంపును తాకితాకనట్లు ఒరసికొనునట్లు చేయుట. ఆ యొరపిడిచేత మూలస్వరపు శక్తి దాని అనుస్వరములలోనికి, అనగా దానితోబాటు సన్నగా పలుకు పైస్వరములలోనికి, ప్రవహించును. అప్పుడు ఎవరును మీటని అంతరగాంధారము మంద్రతంత్రినుండి తనంత తాను పలుకును. శుద్ధమైన తంత్రీకంపమును కొంచెము చెరచుటచేతనే తంబురాకు ప్రాణము వచ్చుచున్నది. గిటార్ నాదమును ఆంప్లిఫయరుతో మొరటుచేయువారు చేయుచున్నదియు తత్త్వమున ఇంతియే. పరికరము వేరు, పరిమాణము మిక్కిలి వేరు. కాని నాదమును చెరచుట యనునది ఎల్లప్పుడును నాదమునకు హాని కాదనుట రెండు చోట్లను సత్యము.

ఈ బరువైన నాదమునకు జన్మస్థానము ఇంగ్లండునందలి బర్మింగ్‌హామ్ నగరము. ఇనుపరేకులు, అచ్చులు, మోటారు భాగములు తయారగు కర్మాగారములతో నిండిన ఆ నగరమున 1948లో జన్మించిన టోనీ అయోమీ యను యువకుడు, రేకులను నొక్కు యంత్రమువద్ద పనిచేయుచుండగా, 17 ఏండ్ల వయసున, ఆ కొలువులో తన కదియే కడపటి దినమైయుండగా, కుడిచేతి నడిమివ్రేలి కొనయు ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయినవి. అతడెడమచేతి వాటమువాడగుటచే, తంత్రులను నొక్కవలసిన చేయి కుడిచేయియే. వాయిద్యము నిక విడువవలసినదే యని కుమిలిపోవుచున్న యతనికి, కర్మాగారపు పెద్ద యొకడు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించెనట. ఆ జాంగో 1928లో అగ్నిప్రమాదమున రెండు వ్రేళ్లు కాలి ముడుచుకొనిపోగా, మిగిలిన వ్రేళ్లతోనే యూరపు ఖండమంతయు మెచ్చిన గిటార్ విద్వాంసుడు. అయోమీ ఇంటికి పోయి, ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్ల కొనలకు తొడుగులు చేసికొని, వానిపై తోలు అంటించుకొని, మరల వాయింప నారంభించెను. తొడుగుల వ్రేళ్లకు స్పర్శ తెలియదు. గట్టి తంత్రులను నొక్కిన నొప్పి పుట్టును. కావున అతడు బాంజో తంత్రులవంటి సన్నని తంత్రులను వెదకికొనెను. కొంతకాలమునకు వానినింకను సడలించి, శ్రుతిని మూడు స్వరస్థానములు దించెను. 1971లో వెలువడిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ' యను ఆల్బమునందలి పలు పాటలు ఆ దించిన శ్రుతిలోనివే.

ఇక్కడ ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. భారమనగనే మనకు తట్టునవి లావు, బిగువు, బలము. కాని ఈ లోకమునకు తెలిసిన మిక్కిలి బరువైన గిటార్ నాదము సన్నని తంత్రులనుండి, వాని సడలింపునుండి, గాయపడిన వ్రేళ్ల నొప్పిని తప్పించుకొనుటకై చేసిన యేర్పాటునుండి పుట్టినది. ఈ విషయము నాకెంతయో ప్రియమైనది. కళలో గొప్ప మార్పులు సిద్ధాంతముచే వచ్చినవానికంటె ఇట్టి అక్కరలచే వచ్చినవే యెక్కువయని నా నమ్మకము.

అయోమీయు, అతని సహచరులు ఆజీ ఆజ్‌బర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డులును కలిసి స్థాపించిన బృందము బ్లాక్ సాబత్. వారి మొదటి ఆల్బము 1969 అక్టోబరులో ఒక్క దినముననే రికార్డు చేయబడి, 1970 ఫిబ్రవరి 13న విడుదలైనది. బృందము పేరే పేరుగాగల తొలిపాట వానచప్పుడుతో, ఉరుముతో, దూరపు చర్చిగంటతో మొదలై, ఒక్కసారిగా గిటారునకు తావిచ్చును. ఆ గిటార్ పలుకునవి మూడే స్వరములు. మన పరిభాషలో చెప్పవలెనన్న, ఆధారషడ్జము, తారాషడ్జము, పిమ్మట వాని నడుమకు దిగివచ్చి వణకుచు నిలుచు ప్రతిమధ్యమము. ఇంతే. షడ్జమునుండి షడ్జమునకు పోవు 12 స్వరస్థానముల దారిలో ప్రతిమధ్యమము సరిగా సగమున నున్నది. అక్కడనుండి ఇంటికెంత దూరమో పొరుగింటికిని అంతే దూరము. పాశ్చాత్య సంగీత సిద్ధాంతకారులు ఈ యంతరమునకు సైతాను పేరు తగిలించిరి. మనవారికట్టి భయము లేదు. 72 మేళకర్తలలో సగము, అనగా 36, ప్రతిమధ్యమ మేళములే. కల్యాణి పాడని యిల్లు లేదు. అయితే కల్యాణిలో ప్రతిమధ్యమము ప్రక్కనే పంచమము చేయూతగా నిలిచియుండును. స్వరము అట్లు వాలి, ఇట్లు చేరి, విశ్రాంతి పొందును. ఆ పాటలోని మూడు స్వరములలో పంచమము లేదు. మధ్యమము వణకుచు అట్లే నిలిచిపోవును. మరల షడ్జము, మరల తారాషడ్జము, మరల ఆ మధ్యమమే. విశ్రాంతి స్థానమును చూపకుండుట వలన కలుగు దిగులు ఆ పాటకంతకును ప్రాణము. దానిని వేగముగా వాయించిన ఈ దిగులు నిలువదు. చెవి ఆ స్వరమును దాటిపోవును. నెమ్మదిగా వాయించుటచే చెవి దాని యొద్దనే చిక్కుకొనును.

ఇక నాదశాస్త్రమునకు వత్తము. మామూలు శ్రుతిలోనున్న గిటార్ కడపటి తంత్రి సెకనుకు సుమారు 82 మార్లు కంపించును. మూడు స్థానములు దించిన, అది 69 అగును. డూమ్ వాద్యకారులు ఆ తంత్రితోబాటు దాని పంచమమును కూడ కలిపి మీటుదురు, అది 104. శుద్ధమైన ధ్వనిలో ఇవి రెండును రెండుగానే వినిపించును. కాని ఆంప్లిఫయరు తన శక్తికి మించి మోయునపుడు ఆ రెండు కంపములును ఒకదానితో నొకటి పెనగి, వాని భేదమైన క్రొత్త కంపమును పుట్టించును. 104లో 69 తీసివేసిన మిగులునది 35. అనగా మీటిన తంత్రికి ఒక స్థాయి క్రిందనున్న షడ్జము. గిటారుమీద అట్టి తంత్రి లేదు, దానిని మీటిన చేయియు లేదు. అయినను గది నిండునది అదియే. ఆ కంపపు అల పొడవు గాలిలో దాదాపు 10 మీటర్లు. మన ఇండ్లలోని గదులనేకములు దానికి చాలవు. గోడలు, తలుపులు, కూర్చున్న బల్ల అది వచ్చినదని చెప్పును.

మరియొక ప్రశ్న. సడలిన సన్నని తంత్రి మీటిన క్షణములో పలికి, తరువాత క్షీణించిపోవలెనుగదా. పది క్షణములు నిలిచి యెట్లు పలుకుచున్నది? మా మెట్టప్రాంతపు చెరువులను చూచినవారికి దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. చెరువు నిండి అలుగు పారునపుడు, పైనుండి వచ్చు వరద ఎంత హెచ్చినను చెరువు మట్టము అలుగును మించదు. వరద తగ్గుచున్నను, అది యున్నంతవరకు మట్టము పడిపోదు. ఆంప్లిఫయరునకును అట్టి యలుగొకటి కలదు. తంత్రి మొదటి దెబ్బ దానిని మించి పొరలిపోవును; పొరలిన భాగము వ్యర్థము కాక అనుస్వరములుగా మారును. తంత్రి క్రమముగా నీరసించుచున్నను, ఆ యలుగు మట్టమునకు పైనున్నంతవరకు మనకు వినబడు నాదము తగ్గినట్లు తోపదు. కావుననే ఆ స్వరము మేడవలె నిలుచుండును. ఎంతకో గాని కుంగదు.

ఈ విషయము తెలిసిన తరువాత నాకు మందగమనమునకును మంద్రనాదమునకును గల సంబంధము స్పష్టమైనది. ఇవి రెండు అలంకారములు కావు. ఒకటి లేనిది రెండవది బ్రతుకలేదు. సన్నని, పొడి నాదముతో నెమ్మదిగా వాయించిన, స్వరమునకును స్వరమునకును నడుమ ఖాళీ మిగులును. శ్రోత ఆ ఖాళీలో విసుగుచెందును. దట్టమైన నాదముతో వేగముగా వాయించిన, ఒక స్వరపు అనుస్వరములు విప్పుకొనకముందే రెండవది వచ్చి వానిని త్రొక్కివేయును. వినబడునది రొద మాత్రమే. నాదమునకు లోపల సంపద యుండవలెను, ఆ సంపదను చూపుటకు కాలముండవలెను. డూమ్ వాద్యకారులు కనుగొన్న రహస్యమిది. మన పదముల సంగతియు ఇదియే. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదములను చౌకకాలమున పాడుట మన సంప్రదాయము. అట్లు పాడుటకు గాత్రమున గమకసంపద లేనివారు ఒక పదమును ముగించుటలోపల సభ ఖాళీయగును. వైణికులు సారణి తంత్రిని విడిచి, పంచమమును దాటి, మంద్రమునకును అనుమంద్రమునకును దిగివచ్చునపుడు వేగమును తామై తగ్గింతురు. ఆ లావు తంత్రి తొందరపెట్టిన పలుకదు.

మీలో కొందరు చిన్న రేడియోలలో నా మాటలను వినుచుందురు. ఆ చిన్న స్పీకరు 69 కంపముల స్వరమును పలికింపజాలదు. అట్లయిన ఈ నాదమును దానియందు వినుట అసాధ్యమా? పూర్తిగా కాదు. మన చెవికి ఒక అద్భుతశక్తి యున్నది. మూలస్వరము లేకున్నను, దాని అనుస్వరములైన 138, 207, 276 కంపములు వినబడిన చాలును. వాని నడుమనున్న సమానదూరమునుబట్టి మన మెదడు ఆ లేని మూలస్వరమును తానే నిర్మించుకొనును. ఈ బరువైన గిటార్ నాదమునందు అనుస్వరములకు కొదవ లేదు గనుక, చిన్న యంత్రమునందును అది తన గాంభీర్యమును కొంత నిలుపుకొనును. కాని గోడలు కదలు అనుభవము మాత్రము పెద్ద స్పీకర్లవలననే కలుగును; ఒక్కొక్క పెట్టెయందు 12 అంగుళముల స్పీకర్లు నాలుగేసి యమర్చుకొని ఆ వాద్యకారులు వేదికపై గోడవలె పేర్చుట ఆడంబరముకొరకు కాదు.

బర్మింగ్‌హామ్‌లో నాటిన ఈ విత్తు తరువాత పలుదేశములలో మొలచినది. స్వీడను బృందమైన కాండిల్‌మాస్ 1986లో వెలువరించిన తొలి ఆల్బముతో ఈ రీతికి ఒక గంభీరమైన, దాదాపు శోకగీతమువంటి రూపము వచ్చినది. అమెరికాలో ఎర్త్ అను బృందము 1993లో తాళవాద్యమును దాదాపుగా విడిచి, గిటార్ గుంజారమునే డెబ్బది నిమిషములకు పైగా సాగించినది. స్లీప్ అను మరియొక బృందము ఒక్క పాటనే గంటకు మించి వాయించినది. మన పొరుగు నగరమైన బెంగళూరులో డైయింగ్ ఎంబ్రేస్, బెవార్ సీ యను బృందములు ఈ బాటలో నడచినవి. వీరందరును నాకు సమానముగా రుచించిరని చెప్పను. స్వరమేదియు మారకుండ గంటసేపు సాగు పాటలు కొన్ని ధ్యానమునకు దగ్గరగా వచ్చును; కొన్ని కేవలము ఓర్పును పరీక్షించును. పాటల మాటలందు మృత్యువు, చీకటి, నైరాశ్యము అదేపనిగా వచ్చుటయు ఒకానొకప్పుడు అలవాటుగా మాత్రమే తోచును. ఆ నాదముననే చాలినంత విషాదమున్నప్పుడు మాట దానిని మరల చెప్పనక్కరలేదు.

ఇంకొక మాట కూడ చెప్పవలెను. బరువు వేరు, బిగ్గరయగుట వేరు. 85 డెసిబెళ్లకు మించిన ధ్వనిని గంటలకొలది వినిన వినికిడి చెడును. చెడిన వినికిడి మరల రాదు. ఈ నాదపు భారము మంద్రతయందును అనుస్వరముల దట్టదనమునందును ఉన్నది గనుక, పొరుగువారు తలుపు తట్టనంత మితమైన ధ్వనిలోనే దానిని ఆస్వాదింపవచ్చునని నా యనుభవము.

హుజూర్‌నగర్ చెవికి ఈ నాదము పరాయిది కాదనుటకు నాకు వేరొక కారణమును తోచుచున్నది. మఠంపల్లి, మెల్లచెరువు ప్రాంతములలో సున్నపురాయి తవ్వకములు, సిమెంటు కర్మాగారములు ఏర్పడినప్పటినుండి ఈ దారులలో రాయి నింపిన లారీలు మొదటి గేరులో మెట్టనెక్కుచు గుండెలలో పలుకు మంద్రనాదము మాకు నిత్యపరిచయము. మెల్లచెరువు శంభులింగేశ్వరస్వామి శివరాత్రి జాతరలో డప్పుల గుంపు దూరమున నుండగనే చెవికంటె ముందు నేల చెప్పును. బర్మింగ్‌హామ్ కార్మికుల పిల్లలు తమ నగరపు యంత్రధ్వనిలో పెరిగి, దానిని గిటార్ తంత్రులలోనికి తెచ్చుకొనిరి. మా పిల్లలు కూడ అట్టి ధ్వనులలోనే పెరుగుచున్నారు. వానిని సంగీతముగా వినుట నేర్పువారు మాత్రము లేరు.

తంత్రులకు కొదవయా యన్న, అదియు లేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన అవుసలికుంట వాసి దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయించి 2022లో పద్మశ్రీ పొందిన సంగతి మీరెరుగుదురు. వెదురు దండి, దానికి క్రిందుగా గాలిని నింపుకొనిన సొరబుర్రలు, దండిపై పన్నెండు మెట్లు: ఇంతే ఆ వాద్యము. దానిపై ఒక చిన్న స్వరపు పలుకును మరల మరల తిప్పుచు, దానిమీద పండుగ సాయన్నవంటి వీరుల కథను నడిపించుట ఆ కళాకారుల పద్ధతి. పలుకు మారదు, కథ సాగును. మారని పలుకు వినగా వినగా బరువెక్కును. బ్లాక్ సాబత్ వాద్యపద్ధతికి ఇది ఎంత దగ్గరయో ఆ రెండింటిని ఒకే సాయంకాలమున విన్నవారికి తెలియును.

ఈ సంగీతమును వినగోరువారు ఆ 1970 నాటి తొలిపాటతో ప్రారంభించి, పిమ్మట 1971 ఆల్బమునందలి కడపటి పాటకు వచ్చి, దించిన శ్రుతిచే నాదమెట్లు మారినదో పోల్చి చూచుట మేలు. స్లీప్, ఎర్త్ మొదలగువారిని మొదటనే వినిన విసుగు పుట్టును. విని రుచి మరిగినవారిలో వీణయో గిటారో చేపట్టిన యువకులున్నచో వారికి నా మనవి యొకటి. తంత్రిని సడలించిన, స్వరస్థానమునకు పైకి దానిని లాగుట సులభమగును. అయోమీ వ్రేళ్లకు ఊరట కలిగించిన ఆ సడలింపే మన గమకమునకును అనుకూలము. వరాళిలో ప్రతిమధ్యమము సాధారణ స్థానమునకంటె ఎత్తున, పంచమమును తాకబోవుచున్నట్లుండును. మూడు స్థానములు దించిన గిటార్ మీద, దట్టమైన ఆంప్లిఫయరు నాదముతో, నిమిషమునకు 50 దెబ్బలకు మించని నడకలో, ఆ మధ్యమమును లాగి నిలిపి, పంచమమునకు చేర్చక, దాని అనుస్వరములన్నియు విప్పుకొనునంతవరకు విడువక వాయించు వరాళి ఆలాపన నొకదానిని వినవలెనని నేను కోరుచున్నాను. అట్టి కచేరీ హైదరాబాదున జరిగినను, బెంగళూరున జరిగినను, హుజూర్‌నగర్ నుండి బస్సెక్కి వచ్చుటకు నేను సిద్ధముగా నున్నాను.